అశ్లీలమా, అసమ్మతా? ఆన్‌లైన్ నీలి చిత్రాల విషయంలో మన చట్టం దేన్ని చూస్తోంది

ఫోనులో నీలి చిత్రం చూడటం నేరమా అని అడిగితే, అనుభవమున్న న్యాయవాది అవుననీ కాదనీ వెంటనే చెప్పడు. అందులో కనిపించే వ్యక్తికి పద్దెనిమిదేళ్లు నిండాయా, చూసినవాడు ఒంటరిగా చూశాడా లేక నలుగురికీ చూపించాడా, చూశాక ఫోనులో దాచుకున్నాడా, మరొకరికి పంపాడా అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. చూడటం, దాచుకోవడం, పంపడం, తీయడం అనే నాలుగు పనులకూ నాలుగు వేర్వేరు ఫలితాలున్నాయి. అవన్నీ ఒకే చట్టంలో కూడా లేవు. అశ్లీల పుస్తకాలను దృష్టిలో పెట్టుకుని 1860 నాటి శిక్షాస్మృతిలో చేర్చిన 292వ సెక్షన్, దాని వారసురాలిగా ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో ఉన్న 294వ సెక్షన్, మహిళల అసభ్య చిత్రణను నిషేధించే 1986 నాటి చట్టం, 2000 నాటి సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం, బాలలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం, 2021 నాటి ఐటీ నిబంధనలు కలిసి, పాత చీరల ముక్కలతో కుట్టిన బొంతలా ఈ వ్యాపారాన్ని కప్పుతున్నాయి. బొంత కప్పని చోట్లు చాలా ఉన్నాయి. వాటికి మూలం ఒక్కటేనని నా అభిప్రాయం: ఆ బొమ్మ ఎంత అశ్లీలంగా ఉందని మన చట్టం మొదటినుంచీ అడుగుతూ వచ్చింది, బొమ్మలో ఉన్న మనిషి దానికి ఒప్పుకుందా అని అడగడం చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా మొదలుపెట్టింది.

అశ్లీలతకు మన న్యాయస్థానాలు చాలాకాలం వాడిన కొలత 1868లో ఇంగ్లండులో హిక్లిన్ కేసులో పుట్టింది. చెడు ప్రభావాలకు తేలికగా లొంగే మనసున్నవారి చేతిలో పడితే ఆ రచన వారిని చెడగొడుతుందా అన్నదే అందులోని పరీక్ష. రంజిత్ ఉదేశీ కేసులో 1964లో మన సుప్రీంకోర్టు దాన్నే కొద్దిపాటి సవరణలతో స్వీకరించింది. యాభై ఏళ్ల తరువాత, 2014లో, అవీక్ సర్కార్ కేసులో ఆ పరీక్షను పక్కనపెట్టి, సమకాలీన సమాజ ప్రమాణాలను బట్టి, విడి భాగాన్ని కాక మొత్తం సందర్భాన్ని చూసి తేల్చాలని చెప్పింది. ఈ కొలత ఎంత జారుడుబండో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని శృంగార ప్రబంధాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి 1910లో అచ్చు వేయిస్తే, అది అశ్లీలమని నాటి ప్రభుత్వం నిషేధించింది. మద్రాసు ప్రభుత్వానికి టంగుటూరి ప్రకాశం పంతులు నాయకత్వం వహించిన రోజుల్లో గాని ఆ నిషేధం తొలగలేదు. అన్నట్టు, మన భాషలో ‘బూతు’ అన్న ఒక్క మాటలోనే తిట్టూ నీలి చిత్రమూ రెండూ ఇమిడిపోతాయి గాని, సుప్రీంకోర్టు ఆ రెంటినీ విడదీసింది. 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్ మీద నడుస్తున్న కేసును కొట్టివేస్తూ, తిట్లూ మొరటు మాటలూ ఉన్నంత మాత్రాన అది అశ్లీలం కాబోదని స్పష్టం చేసింది.

ఈ పాత కొలతను ఇంటర్నెట్‌కు తెచ్చి అతికిస్తే ఏమవుతుందో మొదటిసారి తెలిసింది 2004లో. ఢిల్లీలో ఇద్దరు పాఠశాల విద్యార్థుల ఏకాంత దృశ్యాన్ని మొబైలులో తీసిన క్లిప్ ఒకటి చేతులు మారుతూ వెళ్లి, ఆ నవంబరులో బాజీ డాట్ కామ్ అనే వేలం సైట్‌లో అమ్మకానికి వచ్చింది. క్లిప్ ఆ సైట్‌లో లేదు; డబ్బు కడితే పంపుతామన్న ప్రకటన మాత్రమే ఉంది. రెండు రోజుల్లో దాన్ని తీసేశారు. అయినా డిసెంబరులో సంస్థ అధిపతి అవనీశ్ బజాజ్‌ను పోలీసులు అరెస్టు చేశారు. ఎవరో పెట్టిన ప్రకటనకు సైట్ నడిపేవాడు జైలుకు వెళ్లాలా అన్న ప్రశ్న పరిశ్రమను కుదిపేసింది. ఇతరులు పెట్టినదాన్ని చేరవేసే మధ్యవర్తి సంస్థలకు రక్షణనిచ్చే, ఐటీ చట్టంలోని 79వ సెక్షన్‌ను 2008 సవరణలో విశాలం చేయడానికి ఈ ఉదంతమే ప్రధాన కారణం. కంపెనీని నిందితురాలిగా చేర్చకుండా అధికారిని మాత్రమే విచారించడం చెల్లదని 2012లో సుప్రీంకోర్టు బజాజ్ మీది కేసును కొట్టివేసింది. ఎలక్ట్రానిక్ రూపంలోని అశ్లీలానికి ప్రత్యేక చట్టమైన ఐటీ చట్టమే వర్తిస్తుంది గనుక దానితో పాటు శిక్షాస్మృతిలోని 292ను మోపడం కుదరదని 2016 డిసెంబరులో అదే సంస్థ మేనేజరు కేసులో తేల్చింది. పన్నెండేళ్లపాటు నడిచిన ఈ వ్యాజ్యాలలో ఏ సెక్షన్, ఎవరు బాధ్యులు అన్న చర్చే సాగింది. ఆ విద్యార్థినికి తెలియకుండా ఆమె దేహం అమ్మకపు సరుకైపోయిందన్న సంగతి ఆ తీర్పులకు కేంద్రం కాలేదు.

2009 అక్టోబరు 27 నుంచి అమల్లోకి వచ్చిన ఆ 2008 ఐటీ చట్ట సవరణలో శిక్షల అమరికను చూస్తే చట్టం మనసు అర్థమవుతుంది. 67వ సెక్షన్ కింద, కామాసక్తిని రేపే అశ్లీల సామగ్రిని ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినా, పంపినా మొదటి నేరానికి 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా. 67ఏ కింద, లైంగిక చర్యను బాహాటంగా చూపే సామగ్రి అయితే 5 ఏళ్లు, 10 లక్షలు. రెండోసారి పట్టుబడితే 7 ఏళ్లు. మూడేళ్ల శిక్షగల 67 బెయిలు దొరికే నేరం, ఐదేళ్ల శిక్షగల 67ఏ బెయిలు హక్కుగా దొరకని నేరం. ఇక అనుమతి లేకుండా ఒకరి రహస్యాంగాలను చిత్రించి పంచే నేరానికి 66ఈ సెక్షన్ విధించే గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు, లేదా 2 లక్షల జరిమానా, లేదా రెండూ. చాటుగా స్త్రీని చిత్రించడంపై 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన సెక్షన్, అంటే ఇప్పటి న్యాయ సంహితలోని 77వ సెక్షన్, కొంత ముందుకు వెళ్లింది. చిత్రించడానికి ఒప్పుకున్నా ఇతరులకు పంచడానికి ఒప్పుకోకపోతే పంచినవాడు నేరస్థుడేనని అది చెబుతుంది. అయినా మొదటి నేరానికి దాని గరిష్ఠం కూడా 3 ఏళ్లే. అంటే ఇద్దరు వయోజనులు ఇష్టపడి తీసుకుని పంచుకున్నదానికి 5 ఏళ్లు, ఒప్పుకోని మనిషిని చిత్రించి పంచినదానికి 3 ఏళ్లు. ఆచరణలో పోలీసులు రెండో రకం ఫిర్యాదులోనూ 67ఏను జోడిస్తారు, కేసు బరువు పెరుగుతుందని. అలా జోడించినప్పుడు ఒక చిక్కు వస్తుంది: 67ఏ పంపడాన్నే నేరంగా చూస్తుంది గనుక, ప్రేమించిన నాడు తన చిత్రాన్ని తానే అతనికి పంపిన యువతి కూడా అక్షరార్థంలో ఆ సెక్షన్ పరిధిలోకి వచ్చేస్తుంది. ఫిర్యాదుకు వెళ్లబోయే ఆడపిల్ల వెనకడుగు వేయడానికి ఈ ఒక్క భయం చాలు.

చూడటం సంగతికి వస్తే, వయోజనుల నీలి చిత్రం చూడటాన్ని పై సెక్షన్లేవీ నేరమనవు. ప్రచురించడం, పంపడం, అమ్మడం, ప్రదర్శించడం ఉన్నాయి. రోడ్డు పక్కన నిలబడి ఫోనులో నీలి చిత్రం చూస్తున్నాడని ఒక యువకుడిపై పెట్టిన కేసును 2023 సెప్టెంబరులో కేరళ హైకోర్టు కొట్టివేస్తూ, ఇతరులకు చూపకుండా తనంత తాను చూసుకోవడం నేరం కాదని చెప్పింది. 2015 జూలైలో, అప్పటి ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్. దత్తు కూడా, నాలుగు గోడల మధ్య ఒక వయోజనుడు చూసేదాన్ని కోర్టు ఎలా ఆపగలదని విచారణలో అడిగారు. నీలి చిత్రాల సైట్లన్నిటినీ నిషేధించాలని ఇందోర్ న్యాయవాది కమలేశ్ వాస్వానీ 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం అది.

ఆ మాట అన్న మూడు వారాలకే, 2015 జూలై 31న, 857 సైట్లను మూసివేయమని టెలికాం శాఖ ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశమిచ్చింది. ఈ ఆదేశానికి చూపిన చట్టాధారం దగ్గర కాస్త ఆగాలి. సైట్లను మూయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చేది ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు పురికొల్పడం అనేవే దానిలో చెప్పిన కారణాలు. సభ్యత, నైతికత అన్న మాటలు వాక్‌స్వాతంత్ర్యానికి హద్దులు చెప్పే రాజ్యాంగంలోని 19(2)లో ఉన్నాయి గాని, 69ఏలో లేవు. అందుకని ఆ ఆదేశంలో 69ఏను విడిచిపెట్టి, 79వ సెక్షన్‌లోని ఒక ఉపనిబంధనను ఆసరా చేసుకున్నారు. ప్రభుత్వం చెప్పినా చట్టవిరుద్ధ సామగ్రిని తొలగించకపోతే మధ్యవర్తి సంస్థ తన రక్షణ కోల్పోతుందని చెప్పే ఉపనిబంధన అది. రక్షణ ఎప్పుడు పోతుందో చెప్పే వాక్యం నుంచి మూయించే అధికారాన్ని పిండుకున్నారన్నమాట. గగ్గోలు పుట్టేసరికి నాలుగు రోజులకే, ఆగస్టు 4న, బాలల అశ్లీల చిత్రాలు లేని సైట్లను మూయనక్కరలేదని మరో ఆదేశం వచ్చింది. ఏ సైట్‌లో ఏముందో తేల్చే భారాన్ని అలా ఇంటర్నెట్ సంస్థల నెత్తిన పెట్టారు. ఆ తేల్చే శక్తి గాని, ఆసక్తి గాని వాటికి లేవు.

మూడేళ్ల తరువాత అదే జాబితా మళ్లీ బయటికి వచ్చింది. డెహ్రాడూన్‌లోని ఒక వసతి పాఠశాలలో జరిగిన సామూహిక అత్యాచారం మీద, నిందితులు నీలి చిత్రాలు చూసి ఆ పనికి ఒడిగట్టారన్న వార్తల నేపథ్యంలో, ఉత్తరాఖండ్ హైకోర్టు తనంత తాను విచారణ చేపట్టి 2018 సెప్టెంబరులో ఆ సైట్లను మూయాల్సిందేనని ఆదేశించింది. అప్పుడు పరిశీలిస్తే 857లో 30 సైట్లలో అలాంటి సామగ్రి ఏదీ లేదని తేలింది, 827 మూశారు. 2022 సెప్టెంబరులో పుణె కోర్టు ఆదేశం, ఉత్తరాఖండ్ తీర్పు ఆధారంగా మరో 67 చేరాయి.

మూయడం అంటే నిజానికి ఏం చేస్తారో తెలిస్తే దాని బలహీనతా తెలుస్తుంది. సైట్ విదేశంలో ఉంటుంది, దాని యంత్రాలను మన ప్రభుత్వం ఆపలేదు. మన ఇంటర్నెట్ సంస్థ చేయగలిగిందల్లా, సైట్ పేరును దాని సంఖ్యా చిరునామాగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర తప్పుడు సమాధానం ఇవ్వడం, లేదా ఫోను ఆ సైట్‌తో సంభాషణ మొదలుపెట్టేటప్పుడు బయటపడే పేరును పసిగట్టి తెంపేయడం. సంభాషణ అంతా సంకేతీకరించి ఉంటుంది గనుక సైట్ పేరు తప్ప లోపలి పేజీ ఏదో సంస్థకు కనబడదు. అందువల్ల ఒక్క చెడ్డ వీడియోను మూయాలంటే మొత్తం సైట్‌ను మూయాలి, లేకపోతే ఊరుకోవాలి. సైట్ యజమాని పేరులో ఒక అక్షరమో చివరి తోకో మార్చుకుంటే జాబితాకు చిక్కడు. 2018 ఆదేశం వచ్చిన కొద్ది రోజులకే అతిపెద్ద సైట్లలో ఒకటి సరిగ్గా అదే చేసింది. ఫోను సంభాషణను దాచి వేరే దేశం మీదుగా మళ్లించే వీపీఎన్‌ను చూసేవాడు పెట్టుకుంటే ఇవేవీ పనిచేయవు. వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలను 5 ఏళ్లు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశిస్తే, పేరున్న కొన్ని సంస్థలు తమ సర్వర్లను ఈ దేశం నుంచి తీసివేసుకున్నాయి; సేవ మాత్రం ఆగలేదు. జల్లెడతో నీళ్లు ఆపబోయినట్టుంది ఈ వ్యవహారం.

చట్టం దృష్టిని బొమ్మ మీదినుంచి మనిషి వైపు కొంతైనా తిప్పింది హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక ఉత్తరం. వాట్సాప్‌లో తిరుగుతున్న రెండు సామూహిక అత్యాచార వీడియోలను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సునీతా కృష్ణన్ నడిపే ప్రజ్వల సంస్థ 2015 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి పంపింది. కోర్టు ఆ ఉత్తరాన్నే వ్యాజ్యంగా స్వీకరించి సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. ఇక్కడ ప్రశ్న మారింది. ఆ వీడియోలు చూసేవారి మనసును చెడగొడతాయా అన్నది ఎవరూ అడగలేదు. వాటిలో ఉన్న స్త్రీకి జరిగిన నేరం ప్రతి ఫార్వర్డ్‌తోనూ మళ్లీ జరుగుతోందన్నదే వాదన. 2017లో కోర్టు వేసిన కమిటీలో ప్రభుత్వ అధికారులతో పాటు గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్, యాహూ, వాట్సాప్ ప్రతినిధులు కూర్చున్నారు. ఫిర్యాదులకు దేశవ్యాప్త పోర్టల్ కావాలన్నది, ఒకసారి గుర్తించిన దృశ్యాన్ని దాని ‘హ్యాష్’ ద్వారా మళ్లీ ఎక్కకుండా ఆపాలన్నది ఆ కమిటీలో నలిగిన ముఖ్య విషయాలు. హ్యాష్ అంటే దృశ్యానికి గణితంతో తీసిన వేలిముద్ర. అసలు వీడియోను ఎవరూ మళ్లీ చూడనక్కర లేకుండా, ఆ ముద్ర సరిపోలితే యంత్రమే ఆపగలదు. 2018 సెప్టెంబరులో మొదలైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు బీజం ఈ వ్యాజ్యంలోనే ఉంది. బాలల దృశ్యాల మీద, అత్యాచార దృశ్యాల మీద పేరు చెప్పకుండానే అక్కడ ఫిర్యాదు చేయవచ్చు.

ఈ దారిలోనే మరో రెండు అడుగులు పడ్డాయి. నగ్నత్వాన్నీ లైంగిక చర్యనూ చూపే చిత్రంపై, మార్ఫింగ్ చేసినదానిపై సైతం, అందులో ఉన్న వ్యక్తి గాని ఆమె తరఫువారు గాని ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించే చర్య తీసుకోవాలని 2021 ఐటీ నిబంధనలు మధ్యవర్తి సంస్థలకు విధించాయి; 2026 ఫిబ్రవరిలో ఆ గడువును 2 గంటలకు కుదించారు. ఇందులో అశ్లీలమా కాదా అన్న మీమాంస లేదు, కోర్టు ఉత్తర్వు కోసం ఎదురుచూపూ లేదు. నా బొమ్మ, నాకు ఇష్టం లేదు అన్న మాట చాలు. నా లెక్కలో, 2000 నుంచి ఈ రంగంలో వచ్చిన నియమాలన్నిటిలోకీ పనికొచ్చేది ఇదే. 2023 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు మరికొంత ముందుకు వెళ్లి, ఒకసారి తొలగించిన దృశ్యం వేరే లంకెతో మళ్లీ వచ్చిన ప్రతిసారీ బాధితురాలే వెతుక్కుని ఫిర్యాదు చేయాలనడం అన్యాయమని, సెర్చ్ ఇంజన్లు హ్యాష్ వంటి పద్ధతులతో తామే ఆపాలని చెప్పింది.

బాలల విషయంలో మాత్రం ఆ 2009 సవరణ నుంచీ చట్టం తేటగానే ఉంది, అమలే తడబడింది. ఐటీ చట్టంలోని 67బీ సెక్షన్ బాలల లైంగిక దృశ్యాలను తయారుచేయడాన్నీ పంచడాన్నీ మాత్రమే కాదు, వెతకడాన్నీ, చూడటాన్నీ, డౌన్‌లోడ్ చేయడాన్నీ నేరంగా పేర్కొంటుంది. అయినా 2024 జనవరిలో మద్రాసు హైకోర్టు, అలాంటి రెండు వీడియోలను ఫోనులో పెట్టుకున్న యువకుడి కేసును, ఏకాంతంగా చూసుకోవడం నేరం కాదంటూ కొట్టివేసింది. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. పోక్సోలోని 15వ సెక్షన్ ప్రకారం, దాన్ని తొలగించకుండా, అధికారులకు తెలపకుండా, పంచే ఉద్దేశంతో ఉంచుకోవడమే నేరమని, నిజంగా పంచినట్టు రుజువు కానక్కరలేదని తేల్చింది. ఫోనులో నిల్వ చేయకుండా ఆన్‌లైన్‌లోనే చూసినా, అది చూసేవాడి అదుపులో ఉన్నంతసేపు అతని స్వాధీనంలో ఉన్నట్టేనంది. మరొక మాట కూడా చెప్పింది: ఇకపై ఏ కోర్టూ ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అన్న పదం వాడవద్దని, అది బాలలపై లైంగిక దోపిడీకీ అత్యాచారానికీ సంబంధించిన సామగ్రి అని, పార్లమెంటు కూడా చట్టంలో పదం మార్చే సంగతి ఆలోచించాలని. పేరు మార్పులో ఏముందని కొందరన్నారు గాని, ఉంది. పాత పదం అందులో ఏం చూపించారో చెబుతుంది, కొత్తది ఎవరికి ఏం జరిగిందో చెబుతుంది.

ఇలాంటి కేసు ఒక చిన్న ఊరి పోలీసు స్టేషన్‌కు ఎలా చేరుతుందన్నది చాలామందికి అంతుపట్టని విషయం. అమెరికా చట్టం ప్రకారం అక్కడి కంపెనీలు తమ సేవల్లో బాలల దృశ్యాలు కనబడితే తప్పిపోయిన, దోపిడీకి గురైన బాలల జాతీయ కేంద్రానికి తెలియజేయాలి. వాటిలో మన దేశానికి సంబంధించినవాటిని అందుకోవడానికి మన జాతీయ నేర గణాంకాల సంస్థ 2019లో ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. ఏ ఖాతా, ఏ ఐపీ చిరునామా, ఏ సమయం అన్న వివరాలు అక్కడినుంచి రాష్ట్ర పోలీసులకు, వారినుంచి జిల్లాకు వస్తాయి. ఇంటర్నెట్ సంస్థ ఆ ఐపీని ఏ చందాదారుకు ఇచ్చిందో చెబుతుంది. మద్రాసు కేసు మొదలైంది కూడా ఇలా దిగివచ్చిన ఒక లేఖతోనే. ఎవరో గ్రూపులో పడేసిన వీడియోను ‘దారుణం, అందరూ చూడండి’ అంటూ ముందుకు పంపేవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: ఉద్దేశం మంచిదైనా పంపడం పంపడమే. తెరిచినది అలాంటిదని తెలియగానే మూసి, తీసేసి, పోర్టల్‌లో ఫిర్యాదు చేయడమొక్కటే క్షేమమైన దారి.

ఇక తీసేవారి సంగతి. 2025 జూన్‌లో హైదరాబాద్‌లో, ఒక యాప్‌లో డబ్బు తీసుకుని తమ ఏకాంతాన్ని ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నారన్న ఆరోపణపై ఒక భార్యాభర్తలను పోలీసులు అరెస్టు చేశారు. వాళ్లిద్దరూ వయోజనులు, ఒకరినొకరు బలవంతపెట్టిన ఫిర్యాదు ఏదీ వినబడలేదు. 2021లో ముంబైలో బయటపడిన కేసు తీరు వేరు: వెబ్ సిరీస్‌లో అవకాశమని చెప్పి పిలిపించి, చివరి నిమిషంలో స్క్రిప్టు మార్చి, నగ్నంగా నటించకపోతే ఖర్చు కట్టాలని బెదిరించారని యువతులు ఫిర్యాదు చేశారు. నైతికంగా ఈ రెంటికీ హస్తిమశకాంతరం. చట్టం రెండింటి మీదా ఎత్తే మొదటి కర్ర మాత్రం 67, 67ఏలే. పైగా కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కోర్టు అనైతికమని భావించే ఒప్పందం చెల్లదు. కాబట్టి ఇష్టపడి నటించిన స్త్రీ రేపు తన పారితోషికం ఇవ్వలేదనో, ఆ వీడియోను ఒప్పుకున్న చోట కాక మరో చోట పెట్టారనో కోర్టుకు వెళితే, ఒప్పందమే లేదని మొదటి మెట్టు మీదే తిప్పి పంపే అవకాశం ఎక్కువ. నీడలో పనిచేయించే దళారీకి ఇంతకన్నా కావలసిందేముంది?

దేశీయ ఓటీటీల మీద ప్రభుత్వం చెయ్యి కొంత గట్టిగా పడుతోంది, ఎందుకంటే వాటి చిరునామా ఇక్కడే ఉంది. 2024 మార్చిలో సమాచార ప్రసార శాఖ 18 ఓటీటీలను, వాటికి చెందిన 19 వెబ్‌సైట్లను, 10 యాప్‌లను, 57 సామాజిక మాధ్యమ ఖాతాలను మూయించింది. 2025 జూలైలో ఉల్లు, ఆల్ట్ సహా మరో 25 యాప్‌ల వంతు వచ్చింది. 2021 నిబంధనల ప్రకారం ఓటీటీలు తమ కార్యక్రమాలకు వయసువారీ వర్గీకరణ ఇవ్వాలి, పెద్దలకు మాత్రమే అన్నవాటికి నమ్మదగిన వయసు తనిఖీ ఉండాలి. ఇక్కడి వైపరీత్యం గమనించండి: పెద్దలకు మాత్రమే అన్న కార్యక్రమం చూపే స్వదేశీ యాప్‌కు వయసు తనిఖీ నియమం ఉంది, అసలు నీలి చిత్రాలే సరుకుగా ఉన్న విదేశీ సైట్‌కు అలాంటి నియమమేదీ లేదు.

ఉండటానికి వీల్లేదు కూడా. నిషేధించిన వస్తువుకు నాణ్యతా ప్రమాణాలు రాయలేం. చట్టం దృష్టిలో మొత్తం సరుకే అశ్లీలం అయినప్పుడు, పద్దెనిమిదేళ్లు దాటినవారికే చూపండి, నటించినవారి గుర్తింపు పత్రాలు దాచండి, వారి సమ్మతిని రాతపూర్వకంగా తీసుకోండి అని ప్రభుత్వం ఎవరికి చెబుతుంది? దీన్ని చట్టబద్ధం చేసిన దేశాల్లో సరిగ్గా ఈ షరతులే నడుస్తున్నాయి. అమెరికాలో నటించేవారి వయసు రుజువులను నిర్మాతలు భద్రపరచాలన్న నియమం 1988 నుంచీ ఉంది. మైనర్లకు హానికరమైన సామగ్రి మూడో వంతుకు మించి ఉన్న సైట్లు చూసేవారి వయసును తనిఖీ చేయాలన్న టెక్సాస్ చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2025 జూన్ 27న సమర్థించింది. డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉన్న మన తెలుగు ఇళ్లలోని పిల్లలకూ అదే వర్తిస్తుంది. బ్రిటన్‌లో 2025 జూలై 25 నుంచి అలాంటి తనిఖీ తప్పనిసరి. వాటికీ లోపాలున్నాయి. బ్రిటన్‌లో నియమం అమలైన రోజుల్లోనే వీపీఎన్ యాప్‌ల డౌన్‌లోడ్లు ఒక్కసారిగా ఎగిశాయి. తన గుర్తింపు కార్డును అలాంటి సైట్‌కు చూపడానికి ఎవరికైనా గుండె జంకుతుంది, ఆ వివరాలు బయటపడితే పరువు పోతుంది గనుక.

అన్నిటికన్నా వేగంగా పనిచేసింది ప్రభుత్వం కాదు, డబ్బు దారి. 2020 డిసెంబరులో పోర్న్‌హబ్‌లో బాలల దృశ్యాలు, అత్యాచార దృశ్యాలు ఉన్నాయని ఒక అమెరికా పత్రిక కథనం రాయగానే, వారం తిరక్కుండా వీసా, మాస్టర్‌కార్డ్ తమ కార్డుల చెల్లింపులను అక్కడ నిలిపివేశాయి. మరికొద్ది రోజులకు, ఎవరు పెట్టారో ధ్రువపడని వీడియోలన్నిటినీ, అంటే తన దగ్గరున్నవాటిలో సింహభాగాన్ని, ఆ సైట్ తానే తీసేసింది. 2021 అక్టోబరు నుంచి మాస్టర్‌కార్డ్, తన చెల్లింపులు వాడుకునే ఇలాంటి సైట్లు వీడియోలో కనిపించే ప్రతి ఒక్కరి వయసుకూ సమ్మతికీ పత్రాలు ఉంచాలని షరతు పెట్టింది. ఏ పార్లమెంటూ ఓటు వేయని నియమం ఇది; రెండు కంపెనీల చేతిలో ఇంత అధికారం ఉండటం ఇబ్బందికరమైన విషయమే. కానీ వాళ్లు అడిగిన ప్రశ్న సరైనది. మన 857 సైట్ల జాబితా ఎన్నడూ అడగని ప్రశ్న అది.

ఇప్పటికీ మన పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయబోతే, స్త్రీలకు సంబంధించిన విభాగంలో నేరాల రకాలు సెక్షన్ల భాషలోనే పలకరిస్తాయి: లైంగికంగా అశ్లీలమైన సామగ్రి, లైంగిక చర్యను బాహాటంగా చూపే సామగ్రి. విడిపోయిన ప్రియుడు కక్షకొద్దీ తన వీడియోను బయటపెట్టాడని రాత్రి పదకొండు గంటలకు ఫోను పట్టుకుని కూర్చున్న అమ్మాయి, తన శరీరం ఈ రెంటిలో ఏ గడిలోకి వస్తుందో ఎంచుకున్నాకే తనకేం జరిగిందో రాసే పెట్టె తెరుచుకుంటుంది.